పలకని పిలుపు

అదిగో, మళ్లీ బిగుసుకుపోయింది. మూడు ఫొటోలు తీయడం, నాలుగోదానికి మొరాయించడం. కూతురు పురుటిగదిలో ఉంది. బయట బల్ల మీద ఊరికే కూర్చోలేక, ఒళ్లో కెమెరా పెట్టుకుని దాని ప్రోగ్రాం దిద్దుతున్నాను.

"అక్కడ పిల్ల అవస్థ పడుతుంటే మీకిదేం గోలండీ?" అంది మా ఆవిడ.

"తప్పు దొరికిందే! ఫొటో తీసినప్పుడల్లా, వచ్చి సర్దుకోమని కెమెరా ప్రోగ్రాంని పిలుస్తుంది. నేనేమో ఒక ఫొటో సర్దాక పిలుపులన్నీ కలిపి తుడిచేస్తున్నా. ఈలోపు వచ్చిన కొత్త పిలుపూ పోతోంది. ప్రోగ్రాం దానికోసం కదలకుండా కూర్చుంటోంది."

గుమ్మంలోంచి నర్సు "తాతగారూ!" అని ఎవర్నో పిలిచింది. ఆ మహానుభావుడు పలకలేదు.

"ఇక పిలుపు ముందే తుడిచేసి, ఆ తర్వాత ఫొటో సర్దితే..."

"మిమ్మల్నే, తాతగారూ! తల్లీబిడ్డా క్షేమం. మనవరాల్ని ఎత్తుకుంటారా, లేదా?"