ఇరవై మూడు వీపులు

"వీపు," అన్నాడు మాణిక్యాలరావు, మొదటి ఫొటో గాజుబల్ల మీద పెడుతూ. "ఇదీ వీపే. ఇది... వీపూ, గొడుగూ."

"గొడుగు బాగా పడిందండి," అంది బుల్లెమ్మ ఆశగా.

అమలాపురంలో అతను స్టూడియో తెరిచి పదేళ్ళయింది. ఆ సంబరానికి, సరదాగా ఫొటోలు తీసుకునేవాళ్ళకి పోటీ పెట్టాడు. అంశం 'మనుషులు'. ఒక్కొక్కరు మూడు ఫొటోలు ఇవ్వాలి. గెలిచిన ఫొటోని పెద్దది చేసి, తీసినవాళ్ళ పేరుతో వీధివైపు అద్దాల్లో ఏడాదిపాటు ఉంచుతారు. గడువు ఆ సాయంత్రం అయిదింటికి.

పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న బుల్లెమ్మకి అరవై మూడేళ్ళు వచ్చినా, తన పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా కనబడలేదు. అందులోనూ తప్పే రాశారు. ఒక్కసారి సరిగ్గా రాయగా చూసుకోవాలని కోరిక. అందుకే పక్కింటి వీరమ్మని తోడు తీసుకుని ముక్తేశ్వరం నుంచి బస్సెక్కి వచ్చింది.

"ఇరవై మూడు ఫొటోలు, ఇరవై మూడు వీపులు," లెక్క తేల్చాడు మాణిక్యాలరావు. "అందరూ కోటిపల్లి పంటు ఎక్కి గోదారి దాటేవాళ్ళేనాండీ?"

"ఆయ్. మా వీధిలో ఎవరు ఊరెళ్తున్నా రేవు దాకా వెళ్తానండి. నాకదో జబ్బు."

"జబ్బేనండి," అందుకుంది వీరమ్మ. "మా కోడలు నాలుగురోజులు పుట్టింటికెళ్తుంటే కూడా ఈవిడ కళ్ళొత్తుకుంటూ కెమెరా పట్టుకొచ్చేసేరు. తిరిగొచ్చేక అది 'నా ఫొటో ఏదండీ అత్తయ్యగారూ' అంటే, జడ చూపించేరు. కువైట్ నుంచి వచ్చిన మా వీధి కుర్రాడు దానం అయితే, ఫొటోలో ఉన్న చొక్కా ఇంట్లోంచి తెచ్చి పక్కన పెట్టుకుని, 'అయితే నేనేనండి' అన్నాడు."

మాణిక్యాలరావు పగలబడి నవ్వాడు. బుల్లెమ్మ కూడా నవ్వింది.

"నా వేళ్ళు నెమ్మదండి. మీట దొరికేసరికి వాళ్ళు తిరిగిపోతారు."

"'ఒకసారి ఇటు చూడండి' అంటే సరిపోద్ది కదండీ, పిన్నిగారూ?"

"పంటు ఇంజను మోతలో నా గొంతెవరికి వినబడుద్ది లెండి."

"మీరు తేల్చుకోండి. నేను మార్కెట్టు దాకా వెళ్ళొస్తాను," అని వీరమ్మ మెట్లు దిగింది. చేతిసంచి మాత్రం బల్ల మీదే మరిచిపోయింది.

బుల్లెమ్మ సంచి అందుకుని, చెప్పులైనా వేసుకోకుండా పరుగుతీసింది. వీరమ్మని దాటిపోయి, అరటిపళ్ళ బండి దగ్గర ఎదురుగా నిలబడి, సంచి చేతిలో పెట్టి, రొప్పుతూ తిరిగొచ్చింది.

"గుమ్మంలోంచి ఓ కేకేస్తే పోయేది కదండీ!"

"ఆదుర్దా మనిషిని కదండీ. కాళ్ళు ముందు పరిగెడతాయి, బుర్ర తీరిగ్గా వస్తుంది."

ఈలోగా అతను ఆమె తెచ్చిన నెగటివుల కవరు విప్పాడు. అడుగునుంచి ఇంకో ఫొటో జారింది.

"ఇదేంటండీ, అసలుది దాచేసేరు!"

నలభై ఏళ్ళ మనిషి. ఒక కాలు పంటు చెక్క మీద, ఒక కాలు రేవులో. భుజాన రెగ్జిన్ సంచి. మెడ తిప్పి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. సగం ముఖం మీద గోదారి వెలుగు. ఫొటో వెనక వంకర అక్షరాలతో 'జూన్ 93' అని ఉంది.

"మా తమ్ముడండి, ఏడుకొండలు. నేనే ఎత్తుకుని పెంచేను. ఈ కెమెరా వాడు మస్కట్ నుంచి తెచ్చిందే. సెలవైపోయి మళ్ళీ వెళ్తున్నప్పుడు తీసేను."

మాణిక్యాలరావు నెగటివుని ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకున్నాడు. "మొదటి రీల్లో మొదటి బొమ్మ! అలవాటయ్యేకొద్దీ ఎవరికైనా చెయ్యి తిరుగుద్దండి. మీకు మొదట తిరిగి, తర్వాత పోయిందేంటండీ?"

"నా చదువూ అంతేనండి. అన్నీ వెనకనుంచి ముందుకి."

"ఇది పెట్టండి. కళ్ళు మూసుకుని మొదటి బహుమతి ఇచ్చేస్తారు."

"కళ్ళు మూసుకుంటే నా వీపులకీ ఇస్తారేమో కదండీ."

అతను నవ్వుతూనే ఫారం మీద ఆమె పేరు రాశాడు. ఒత్తులతో సహా సరిగ్గా రాశాడు. అద్దాలవైపు చేతులు చాపి, "ఇక్కడ, ఇంత పెద్దది. కింద మీ పేరు," అన్నాడు.

బుల్లెమ్మ ఆ ఖాళీ వంక చాలాసేపు చూసింది. గోడ గడియారంలో అయిదుకి పది నిమిషాలుంది.

"వద్దు బాబూ. మూల నా వేలు పడింది, చూడండి."

"కోసేద్దామండి. ఫొటోలోనే."

"గోదారి ఓ పక్కకి వాలిపోయింది."

"లేపి నిలబెడతాను. ఇంకా?"

ఇంకేమీ దొరకలేదు. "అది మాత్రం వద్దు. గొడుగు పెట్టండి. జడ పెట్టండి. దానం చొక్కా పెట్టండి."

"బహుమతి చేతులారా వదిలేసుకుంటున్నారు, పిన్నిగారూ."

"ఆయ్."

అతను నిట్టూర్చి, మూడు వీపులనీ ఫారానికి గుచ్చాడు. "పోనీ, మీ తమ్ముడుగారు వచ్చినప్పుడు తీసుకురండి. ఇక్కడే మంచి ఫొటో తీస్తాను. ఎప్పుడొస్తారండీ?"

"వస్తాడండి."

ఉత్తరం ముక్కయినా లేని ఈ ఎనిమిదేళ్ళూ, ఎవరడిగినా ఆమె చెబుతున్నది ఆ మాటే.

"అదిసరే గానండీ, ఇరవై మూడుమందిలో ఒక్కరూ తిరగలేదు. ఈయనొక్కరే అంత సమయానికి ఎలా తిరిగేరండీ?"

"అలా తిరిగేడంతేనండి," అంది బుల్లెమ్మ, ఫొటో కొంగులో చుట్టుకుని మెట్లు దిగుతూ.

ఆ ఒక్క రోజే, ఆమె వెనకనుంచి పిలిచింది.