దగ్గుపెట్టె

ఊళ్లో ప్రతి ఇంటి గోడకీ ఒక దగ్గుపెట్టె బిగించారు. అది ఇంట్లోవాళ్ల దగ్గులు లెక్కపెడుతుంది. లెక్క పెరిగితే ఊరి ఆరోగ్యం మార్కులు పడిపోతాయి, మార్కులు పడిపోతే చొక్కాల ఫ్యాక్టరీ ఇంకో ఊరికి ఎత్తేస్తారు.

తెల్లారిందగ్గర్నుంచీ వజ్రమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ ఫ్యాక్టరీలోనే కుట్టుపని చేసే కూతురు కరుణ దుప్పటి నోట్లో కుక్కుకుని దగ్గు ఆపుకుంటోంది.

"ఆసుపత్రికి పోదాం పదవే."

"అక్కడ రాయించుకున్నా మార్కులు కోస్తారమ్మా. ఊరంతా మనల్ని తిట్టిపోస్తారు."

వజ్రమ్మ ఇక ఉండబట్టలేక పొయ్యి మీద బాణలి పెట్టి గుప్పెడు ఎండుమిరపకాయలు పడేసింది. గుప్పున ఘాటు లేచింది.

"వంట ఘాటు. ఈ దగ్గులు లెక్కలోకి రావు," అంది పెట్టె.

"ఇప్పుడు దగ్గు తల్లీ, తనివితీరా దగ్గు."

కరుణ డొక్కలు ఎగిరిపడేలా దగ్గింది. ఆ దగ్గు వినలేక వజ్రమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వీధిలోకి వచ్చిపడింది.

వీధిలోనూ అదే ఘాటు. ఏ కిటికీ చూసినా మిరపకాయల పొగే. ప్రతి పొగ వెనకా ఎవరో ఒకరు దగ్గుతున్నారు. బస్టాండు దగ్గర ఊరి మార్కుల బోర్డు మాత్రం నూటికి తొంభై తొమ్మిదని పచ్చగా వెలుగుతోంది.

ఎదురింటి మరియమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం వంట వదినా?" అంది వజ్రమ్మను చూసి.

"పచ్చడి."

మరియమ్మ ఇంట్లోంచి పసిబిడ్డ దగ్గు వినపడింది.

"మేమూ పచ్చడే," అంది మరియమ్మ.