మొదటి గడి

"మరకతం అని రాసి సంతకం పెట్టండి బావా," అంటూ బావమరిది రాయిని బల్ల మీద పెట్టాడు.

క్రోమ్ గని బావమరిదిది. అక్కడ రాళ్లు పరీక్షించే పని ఇరవై ఏళ్లుగా బావది. ఆ ఉదయం సొరంగంలో నల్లటి ఖనిజం పగులుకి అంటుకుని ఈ రాయి దొరికింది. నిండా పంచదార పలుకులంత స్ఫటికాలు. ఇంత ఆకుపచ్చ జన్మలో చూడలేదని మేనేజరు నోరెళ్లబెట్టాడు. బావమరిది అప్పుడే నలుగురు వ్యాపారులకి ఫోన్లు చేసేశాడు.

బావ పరీక్ష కాగితం తీశాడు. రంగు రాసే మొదటి గడిని ఎప్పట్లాగే గుమాస్తాకి వదిలేసి, రెండో గడి నుంచి మొదలుపెట్టాడు. ఆయన బద్ధకం అందరికీ అలవాటే. భూతద్దంలో చూసి, స్ఫటికానికి పన్నెండు ముఖాలని రాశాడు. మరకతమైతే ఆరు పలకల కడ్డీలా ఉండాలి.

"మరకతం కాదు, గార్నెట్ అనే వేరే రాయి," అన్నాడు. "క్రోమ్ ఉన్నచోట పుడుతుంది. సానపెడదామంటే చేతికి పొడే మిగులుతుంది."

బావమరిదికి ఒళ్లు మండింది. పొద్దున్నే వేసుకునే చొక్కా కూడా అక్కే తీసివ్వాలి, ఈ మనిషి తనకి రాళ్ల గురించి చెప్పడమా అని ఎకసెక్కమాడాడు. సంతకం పెట్టకపోతే పరీక్ష గది తాళంచెవులు అక్కడ పెట్టి వెళ్లమన్నాడు.

బావ తాళంచెవులు తీసి ఠక్కున బల్ల మీద పెట్టాడు. సంతకం మాత్రం పెట్టలేదు. ఆయన కోపమంతా చేతల్లోనే ఉంటుంది.

"ఈ సీసాలో ఉన్నది బరువైన ద్రవం. మరకతం ఇందులో తేలుతుంది. తేలితే నేను పోతాను. మునిగితే ఆ ఫోన్లన్నీ మళ్లీ నువ్వే చేసుకో."

రెండు పలుకులు గీకి సీసాలో వేశాడు. రెండూ నేరుగా అడుక్కి దిగిపోయాయి.

బావమరిది సీసాని ఊపి చూశాడు, పలుకులు పైకి రాలేదు. బావ తాళంచెవులు జేబులో వేసుకున్నాడు.

"గనిలో అందరం ఆ ఆకుపచ్చ చూసి బోల్తాపడ్డాం. మీరొక్కరే ఎలా పడలేదు బావా?"

బావ కాగితాన్ని అతని ముందుకి తోశాడు.

"ఇవాళ గుమాస్తా సెలవు, మొదటి గడి నువ్వు నింపు, పుట్టిన దగ్గర్నుంచీ నా కళ్లకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే."