పందికొక్కు కొరికిన తీగ

పొద్దున్నే సన్నటి జల్లు పడుతోంది. కౌజుపిట్ట తన నలుగురు పిల్లల్ని మేతకని రోడ్డు దాటించింది. అక్కడి గట్టున పందికొక్కు ఇంటర్నెట్ తీగను తవ్వి బయటికి లాగుతోంది.

"కొరక్కు బావా! అది వచ్చాకే ఊరివాళ్ళు ప్రతి కాగితానికీ బండేసుకుని పట్నం పోవడం మానారు. పొగ తగ్గింది, నా పిల్లలు బతుకుతున్నారు."

"పళ్ళు దురదగా ఉన్నాయి మరదలా. కాస్త రుచి చూసి వదిలేస్తా."

కసుక్కున కొరికేసింది.

పిల్లలు మేసి తిరిగి రోడ్డు దాటుతుండగా, ఊళ్ళోని బళ్ళన్నీ పొగ కక్కుతూ పట్నం దారిన దూసుకొచ్చాయి. పిట్ట గోలగోలగా అరుస్తూ పిల్లల్ని పొదలోకి తరిమింది. వెనకే వస్తున్న పందికొక్కు తోక మీంచి ఓ చక్రం పోయింది.

"చచ్చాన్రో!"

పొదలో కౌజుపిట్ట రెక్కల కింద లెక్కపెట్టుకుంది. పిల్లలు నలుగురూ ఉన్నారు. ఐదోదానికి మీసాలున్నాయి.