దింపుడు కళ్లం దగ్గర

యుద్ధం మొదలయ్యాక మా ఊరి మీద బాంబు డ్రోన్లు రోజంతా తిరుగుతున్నాయి. అవి ఒంటి వేడిని బట్టి మనుషుల్ని పోల్చుకుంటాయి. బయట ఇద్దరు దగ్గరగా కనబడితే చాలు, గుంపనుకుని దిగొచ్చి పేలిపోతాయి.

అందుకే మా ఆయన పాడె మోయడానికి నలుగురు రాలేదు. మా మరిది అప్పన్న ఒక్కడే శవాన్ని తోపుడుబండి మీద తోసుకెళ్లాడు. నేను బాగా వెనక నడిచాను. పైన ఒక డ్రోను మాతోనే వస్తోంది.

సగం దారిలో అప్పన్న బండి ఆపి, దూరంగా జరిగి కేకేశాడు.

"వదినా, దింపుడు కళ్లం ఇక్కడే. నువ్వొచ్చి సెవిలో పేరెట్టి పిలు."

ప్రాణం ఏ మూలనైనా మిగిలుంటే పలుకుతారని ఆశ. పెళ్లయ్యాక ఎన్నడూ పలకని పేరును ఆయన చెవిలో మూడుసార్లు పిలిచాను.

"లింగరాజూ... లింగరాజూ... లింగరాజూ..."

ఆయన పలకలేదు. తలెత్తి డ్రోను వంక చూశాను. దిగొద్దని ఇన్నాళ్లూ మొక్కుకున్నదాన్ని, ఇప్పుడు దిగమని మొక్కాను. అది దిగితే, బండి దగ్గర ఇద్దరం ఉన్నట్టే కదా.

అది నా మీద ఒక చుట్టు తిరిగి, పక్క వీధికి వెళ్లిపోయింది.