పిళ్ళప్ప మాదిరి

"ఎవురు గీయమన్నారే ఈ బొమ్మ?" డ్రాయింగు మేష్ట్రు దేవరాజ్ గొంతు హాలంతా మోగింది.

గార్గి ఉలిక్కిపడింది. "మీరే కదా సార్! పేరున్న కళాకారుల మాదిరి గీసుకోని రమ్మంటిరి."

చిక్కబళ్ళాపురలోని ఆ బడిలో ఆ రోజు చిత్రప్రదర్శన. గోడ నిండా అవే బొమ్మలు. ఒకడు వాన్ గో లాగా ఆకాశాన్ని సుడులు తిప్పాడు. ఇంకో పిల్ల పికాసో లాగా ముక్కు తీసుకెళ్ళి చెవి పక్కన పెట్టింది. గార్గి మాత్రం మందపాటి నల్లగీతల్లో ఎర్రటి కోడిపుంజును వేసింది. చుట్టూ తామరపూలు. అచ్చం లారీ వెనక ఉండే బొమ్మే. కింద మూలన 'పిళ్ళప్ప మాదిరి' అని రాసింది.

"ఈ పిళ్ళప్ప ఎవురు?"

"మా బాగేపల్లిలో బోర్డులు రాసే తాత సార్. ఫ్లెక్సులు వచ్చినాక పని లేదు. వాన్ గో అంటే మా ఊర్లో ఎవురికీ తెలీదు. పిళ్ళప్ప తాత తెలీనోళ్ళే లేరు!"

పిల్లలు కిసుక్కున నవ్వారు. పిల్ల అన్నదాంట్లో తప్పేముంది చెప్పండి! దేవరాజ్ మొహం మాత్రం కందగడ్డయింది. "గోడలకు సున్నం కొట్టేవోళ్ళు కూడా కళాకారులేనా? ఆఫీసర్లు వచ్చే టైములో నా పరువు తీస్తావా?" అంటూ బొమ్మను పీకి బల్ల కింద పడేశాడు.

గార్గి ఏడుపందుకుంది. "తాత వస్తాండాడు సార్, చూసేదానికి. చేతులు వణుకుతాండినా దగ్గర కూర్చోని నేర్పించినాడు."

తాత అప్పటికే వచ్చేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంత కడిగినా పోని రంగు గోళ్ళ సందుల్లో అట్లాగే ఉంది. అయ్యో, ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చినా ఆ మాట ఆయన చెవిన పడేది కాదు.

పిళ్ళప్ప నెమ్మదిగా వంగి బొమ్మ తీసి దుమ్ము దులిపాడు. "ఏడవద్దులేమ్మా. సార్ చెప్పింది సరిగానే ఉండాది." తన పేరున్న మూలను జాగ్రత్తగా చించి జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన బొమ్మను దేవరాజ్ చేతికిచ్చాడు.

"నా పేరు తీసేసినా సార్. పాప బొమ్మ గోడకు పెట్టండి. బిడ్డ ఆశపడింది."

దేవరాజ్ బొమ్మను అందుకున్నాడు. ముసలాయన గార్గి తల నిమిరి, వచ్చిన దారినే బస్టాండుకు వెళ్ళిపోయాడు.

ఆయన కనుమరుగయ్యాక దేవరాజ్ కుర్చీ ఎక్కి, ఆ బొమ్మను గోడ మధ్యలో, అన్నిటికంటే పైన అతికించాడు. చించిన మూల వెలితిగా కనిపిస్తూనే ఉంది.

గార్గి కళ్ళు తుడుచుకుంది. "పాపం తాత, సార్. ఆయప్పకు ఒకే కొడుకంట. వానికీ ఇట్లనే చెయ్యి పట్టుకోని బొమ్మలు నేర్పించినాడంట. యాడ ఉండాడని అడిగితే నవ్వి ఊరుకున్నాడు."

"ఈడే ఉండాడమ్మా," అన్నాడు దేవరాజ్ కుర్చీ దిగకుండానే. "ఇందాక తాతను సున్నం కొట్టేవోడని అన్నాడే, వాడే."