తల్లి వస్తుంది

పొద్దున్నే వెనకగదిలో బల్బు ఆరిపోయింది.

టైలరమ్మకు ఒళ్ళు మండింది. కుట్టుమిషను ఆగినందుకు కాదు. ఆ బల్బు వెచ్చదనంతోనే అట్టపెట్టెలో నాలుగు ఉడతపిల్లలు బతుకుతున్నాయి. ఇంకా కళ్ళు కూడా తెరవని పిల్లలు. చుట్టుపక్కల ఎక్కడ రెక్క విరిగిన పిట్ట దొరికినా, దిక్కులేని ఉడతపిల్ల దొరికినా ఆ గుమ్మానికే వస్తుంది. ఆమె సాకి, సత్తువ వచ్చాక మళ్ళీ చెట్టెక్కించి వస్తుంది.

అత్తగారు వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో పెడుతుంటే, ఆమె కరెంటాఫీసుకు ఫోను చేసింది. పైవాళ్ళకు చెప్పకుండా కింద ఎవరో తీసినట్టున్నారని అవతలివాళ్ళు నీళ్ళు నమిలారు.

"చెప్పాపెట్టకుండా తీసేస్తే ఎలాగండీ? మా ఇంట్లో పసిప్రాణాలున్నాయి. అతనెవరో గట్టిగా అడగండి," అంది.

అడుగుతామన్నారు. కాసేపటికి బల్బు వెలిగింది. చూశారా, అడగందే అమ్మయినా పెట్టదని టైలరమ్మ అత్తగారి దగ్గర గొప్పలు పోయింది.

ఆ తర్వాత కొద్దిసేపటికే గుమ్మంలో ఎవరో కొత్తమనిషి నిలబడ్డాడు. చేతులనిండా మసి, చెమటకు తడిసిన చొక్కా. ఒక చేతిలో చెప్పుల పెట్టె, ఇంకో చేతిలో గుడ్డసంచి.

పెట్టెలో మూడు ఉడతపిల్లలు.

"మేడమ్, వీటి తల్లి..."

"వస్తుంది."

ఇది ఆమె వచ్చినవాళ్ళందరికీ అప్పజెప్పే పాఠం. ఊరికే పుట్టిన పాఠం కాదు. మొదట్లో ఎవరు ఏ పిల్లను తెచ్చినా జాలిపడి తీసుకునేది. వాటిలో చాలావాటికి తల్లులున్నాయనీ, పిల్లల కోసం అవి కొమ్మకొమ్మా గాలించాయనీ తర్వాత తెలిసి ఆమెకు అన్నం సయించలేదు. అప్పటినుంచీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"అది కాదు మేడమ్..."

"ఎక్కడ దొరికాయి?"

"వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. అక్కడే పెట్టండి. మనిషి దగ్గరుంటే తల్లి రాదు. దూరంగా ఉండి చూడండి. సాయంత్రందాకా రాకపోతే అప్పుడు తీసుకురండి."

అతను సంచి ముందుకు చాపాడు. పిల్లల్ని అంటగట్టడానికి పళ్ళో బిస్కెట్లో తెచ్చి మొహమాటపెట్టేవాళ్ళను ఆమె చాలామందిని చూసింది. అలాంటివేమీ తీసుకోనని ముఖం మీదే చెప్పింది.

అతను సంచి వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. తలూపి వెళ్ళిపోయాడు.

"పూర్తిగా చెప్పనిస్తే నీ సొమ్మేం పోయిందే?" అంది అత్తగారు.

"మీకు తెలీదత్తయ్యా. తీసుకుంటే ఆ తల్లి ఉసురు తగుల్తుంది."

మధ్యాహ్నం దాటాక వాన పట్టుకుంది. టైలరమ్మ మిషను ముందు కూర్చుందేగానీ కుట్టు వంకర పోతోంది. అతను మళ్ళీ రాలేదు. తల్లి వచ్చి తీసుకుపోయి ఉంటుందని సర్దిచెప్పుకుంది. కానీ ఆ సంచి కళ్ళముందు నుంచి పోలేదు. ఆఖరికి గొడుగు తీసుకుని బయల్దేరింది.

ట్రాన్స్‌ఫార్మర్ కంచె పక్కన ఇటుకల మీద చెప్పుల పెట్టె ఉంది. పైన ప్లాస్టిక్ కాగితం, అది ఎగిరిపోకుండా దానిమీద పసుపుపచ్చ హెల్మెట్. కరెంటు పనివాళ్ళు పెట్టుకునేది. ఒక పక్కన మాత్రం తల్లి ఉడత దూరేంత సందు వదిలిపెట్టాడు.

లోపల రెండు పిల్లలు బిగుసుకుపోయి ఉన్నాయి. మూడోది ఆమె వేలు తగిలి కొంచెం కదిలింది. దాన్ని రెండు చేతుల్లో పొదివి గుండెకు ఆనించుకుంది.

"ముట్టుకోకమ్మా," అని ఎదుటి సైకిలు షాపు పెద్దాయన కేకేశాడు. "మనిషి దగ్గరికెళ్తే తల్లి రాదట. ఎవరో మేడమ్ చెప్పారట."

టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇవి పెట్టినతను ఏడని అడిగింది.

లైను పనివాడని చెప్పాడు పెద్దాయన. పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా తన షాపు అరుగుమీదే కూర్చుని పిల్లుల్ని తోలాడట. వానకు ముందు ఆఫీసువాళ్ళు పిలిస్తే, ఇవి జాగ్రత్త తాతా అని మరీమరీ చెప్పి వెళ్ళాడట.

"అతని దగ్గర ఒక సంచి ఉండాలి," అంది.

"అందులో ఉన్నది తల్లేనమ్మా. పొద్దున తీగ తగిలి చచ్చిపోయింది. ఆ మేడమ్‌కు చూపిద్దామని పట్టుకెళ్తే, చూడకుండానే వస్తుందన్నారట. చచ్చింది ఎలా వస్తుందిరా అన్నాను. తెలిసినావిడ ఊరికే అనరు, ఇంకో ఉడతేదైనా వచ్చి సాకుతుందేమో అన్నాడు. తల్లిని ఆ గోడవారన పాతిపెట్టాడు."

చేతుల్లో పిల్ల సన్నగా వణుకుతోంది. తన నోటి పాఠమే ఆ రెంటినీ చంపిందని టైలరమ్మకు తెలిసిపోయింది. అతని కాళ్ళమీద పడైనా తప్పు ఒప్పుకోవాలనిపించింది.

"రేపు ఇటు పనికొస్తాడా? నేను మాట్లాడాలి."

"ఇంకెక్కడి పని? మాన్పించేశారట. సాయంత్రం పిల్లల్ని ఆ మేడమ్‌కు చేర్చమని చెప్పడానికి ఇందాకే ఫోను చేశాడు, అప్పుడు చెప్పాడు."

"ఎందుకు మాన్పించారు?"

"పొద్దున వీటిని గూట్లోంచి దింపడానికి, పైవాళ్ళకు చెప్పకుండా కాసేపు కరెంటు తీశాడు కదా. దానిమీద ఎవరో గట్టిగా అడగమని ఆఫీసుకు ఫోను చేశారట. వాళ్ళనీ ఏమీ అనలేంలేమ్మా, పాపం వాళ్ళింట్లో పసిప్రాణాలున్నాయట."